మునిగిన చెలక, నీటిరంగులు

డ్రాయింగ్ టీచర్ అంటే ఆగస్టు పదిహేనుకు బోర్డు మీద జెండా గీసే మనిషి. అధికారులు వస్తే గేటు ముందర ముగ్గేసే మనిషి. లెక్కల సారు సెలవు పెడితే పిల్లలు లొల్లి చెయ్యకుండ కాపలా కూర్చునే మనిషి. ఈ మూడు పనులూ నాతో చేయించిన్రు. మూడింటినీ నేను చేతనైనంత అన్యాయంగా చేసిన. ముగ్గు వంకరగా వేస్తే రెండోసారి పిలువరు, ఇది కొత్తగా చేరేవాళ్ళకు నా మొదటి సలహా.

కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఫోన్ చేసి అడుగుతరు, "మేడం, నీటిరంగుల్లో ప్రకృతి దృశ్యం ఎట్ల నేర్పాలె?" అని. ఫోన్‌లో వీడియోలు బోలెడున్నయి, చూసుకోండి అంటే ఊరుకోరు. అందుకే రాస్తున్న. నా బదిలీల ఆర్డర్లు, సర్వీసు గొడవలు ఎవరికీ అక్కరలేదు. అరవై నిండకముందే ఉద్యోగం ఎందుకు వదులుకున్నవని అడిగేవాళ్ళకూ జవాబు చిన్నదే: బొమ్మల పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేసినంక నేను బడిలో ఏం చెయ్యాలె? నీటిరంగులు ఏం చెప్పగలవో, ఏం చెయ్యలేవో నాకు ఒక్క బొమ్మతో తెలిసింది. ఆ బొమ్మ దగ్గరికి పోయేముందు రెండు సంగతులు చెప్పాలె.

లేని కొబ్బరిచెట్టు

ఏ బడికన్నా పోండి. "మీ ఊరు గీయండి" అనండి. రెండు గుట్టలు, నడుమ సగం సూర్యుడు, గుట్టల నడుమ నుంచి వచ్చే నది, ఒడ్డున గుడిసె, గుడిసె పక్కన కొబ్బరిచెట్టు. జైనూర్‌లో చూసింది ఇదే, ఖానాపూర్‌లో చూసింది ఇదే, హుజూరాబాద్‌లో చూసింది ఇదే. జైనూర్ పిల్లలు కిటికీలోంచి చూస్తే టేకుచెట్లు, ఇప్పచెట్లు, ఒకదాని వెనుక ఒకటి పలచబడుకుంట పోయే నీలం గుట్టలు. వాటికి వీపు పెట్టి కూర్చుని కొబ్బరిచెట్టు గీస్తుండిరి.

"కొబ్బరిచెట్టు ఎక్కడ చూసినవురా?"

"బుక్కుల చూసిన మేడం."

"మీ ఇంటికాడ ఏం చెట్టున్నది?"

"మా ఇంటికాడ చెట్టు లేదు మేడం. ఇప్పచెట్టున్నది."

పిలగాని తప్పు కాదు. వాని లెక్కలో ఇప్పచెట్టు బొమ్మలకెక్కే చెట్టు కాదు. అట్లని వానికి నేర్పింది ఎవరు? మనమే. నల్లబల్ల మీద ఆ రెండు గుట్టలు గీసి "దీన్ని చూసి వేయండి" అని కుర్చీలో కునుకు తీసిన డ్రాయింగ్ టీచర్లు అందరూ. నేర్పాల్సిన మొదటి పని కుంచె పట్టుడు కాదు, మెడ తిప్పుడు.

తడి ఉన్నంత సేపే

రెండో సంగతి నీళ్ళ గురించి. ఆయిల్ రంగులో తప్పు పడితే గీకేసి మళ్ళ వేసుకోవచ్చు. పోస్టర్ రంగులో తప్పును ఇంకో రంగుతో కప్పొచ్చు. నీటిరంగులో తప్పు తప్పులాగనే ఉంటది, ఎన్ని పూతలేసినా కింది నుంచి కనిపిస్తది. ఎందుకంటే వెలుగు రంగులోంచి రాదు, అడుగున ఉన్న కాగితంలోంచి వస్తది. రంగు ఉత్త పలచటి తెర. అందుకే దీన్ని పిల్లల రంగు అని చేతికిచ్చి, పెద్దయినంక ఆయిల్ నేర్చుకొమ్మనేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తది. అన్నిటికన్నా కష్టమైనదాన్ని మూడో తరగతి పిల్లకు ఇచ్చి, రాలేదని మొట్టికాయ వేస్తరు.

జైనూర్‌లో ముసురు పడితే కాగితం మీద ఆకాశంలాగ వేసిన మొగులు పీరియడ్ అయిపోయినా ఆరదు. గుట్టల నీలం మొగులులోకి పాకిపోతది. పిల్లలు బెంగపడి బొమ్మలను మధ్యాహ్న భోజనం పొయ్యి మీద పట్టి ఆరబెట్టుకునేటోళ్ళు. పొగ పట్టి కాగితం మసక రంగుకు తిరిగేది. మొదట్ల తిట్టిన. తర్వాత ఒకనాడు ఆ బొమ్మలను వరుసగా గోడకు పెట్టి, తల తిప్పి కిటికీలోంచి చూసిన. ముసురులో జైనూర్ గుట్టలు సరిగ్గా అట్లనే ఉన్నయి. ఎక్కడ గుట్ట ఆగిందో, ఎక్కడ మొగులు మొదలైందో తెలియకుండ.

అక్కడి నుంచి కరీంనగర్ దిక్కు వచ్చిన. ఇక్కడ ఎండలో కుంచె కాగితం ఈ అంచు నుంచి ఆ అంచుకు పోయేలోపల వెనుక ఆరిపోతది. మొగులు మొగులులాగ రాదు, పట్టీలు పట్టీలుగా వస్తది. ఎప్పుడూ చినుకులు పడే దేశంలో రాసిన పుస్తకాలు చదివి ఇక్కడ బొమ్మలేస్తమంటే ఏడ్పే. నేను గోనెసంచిని బకెట్ నీళ్ళలో ముంచి, పిండి, పలక మీద పరిచి, దాని మీద కాగితం పెట్టేదాన్ని. గోనె కింది నుంచి తడి ఇస్తనే ఉంటది. కూలర్ గడ్డి తడిపినట్లే. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. రాసుకోండి.

ఇన్నేళ్ళలో నాకు అర్థమైందేందంటే, నీటిరంగు వస్తువులను చెప్పదు. వస్తువుల నడుమ ఉన్న గాలిని చెప్తది. ఉక్కను, దుమ్మును, వాన వచ్చే ముందటి గంటను. ఏ చెట్టు ఎక్కడున్నదో తెలవాలంటే ఫోటో తీసుకోండి. ఈ మాట నేను తరగతిలో చాలా గొప్పగా చెప్తుండేదాన్ని. కనకవ్వ వచ్చి అడిగినంక ఈ మాటకు ఎంత బరువున్నదో తెలిసింది.

"గీసుడు తప్ప ఏం రాదన్నడు"

నా ఆఖరు పోస్టింగు మానేరు దిక్కు ఒక ఊరిలో. పేరు రాయను, రాసినా ఇప్పుడు బస్సు బోర్డుల మీద ఉండదు. ప్రాజెక్టు కింద మునిగే ఊరు. నేను చేరేనాటికే ఇండ్లు సగం కూలగొట్టిన్రు, తలుపులు, దూలాలు ట్రాక్టర్ల మీద పునరావాస కాలనీకి పోతున్నయి. బడి మాత్రం నడుస్తున్నది. కాలనీలో కొత్త బడి పూర్తికాలేదు మరి.

కనకవ్వ ఆ బడిలో మధ్యాహ్న భోజనం వండేది. నలభై దగ్గర మనిషి. పప్పు గరిటె చేతిలో ఉంటే హెడ్మాస్టర్‌ను కూడా లెక్కచెయ్యదు. ఒకనాడు స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడ్డది.

"మేడం, మీరు బొమ్మలు మంచిగ గీస్తరంట గదా."

"ఎవలన్నరు?"

"హెడ్మాస్టర్ సారన్నడు. మేడంకు గీసుడు తప్ప ఏం రాదన్నడు."

"సారుకు అదీ రాదు. ఏం గావాలె?"

"నా చెలక గీసియ్యున్రి. మా ఆయనకు పంపుత."

వాళ్ళాయన మల్లేశం మస్కట్‌లో ఉన్నడు. అంతకుముందు గల్ఫ్‌లో సంపాయించిన పైసలతోనే ఆ చెలక భూమిని కొని, భార్య పేరు మీద రాయించిండు. భూమి తీసుకునేవాళ్ళు వచ్చినప్పుడు ఆయన ఇక్కడ లేడు. ఫోన్‌లో ఒక్కటే మాట చెప్పిండట, "ఊరంత పెట్టనీ, నువ్వు మాత్రం సంతకం పెట్టకే" అని.

"ఊరంత పెట్టిన్రు మేడం. పెట్టనోళ్ళ పైసలు కోర్టుల ఏస్తమన్నరు. నేనొక్కదాన్ని ఏం జేత్త? పెట్టిన. గా రోజుసంది నాతోని మాట్లాడుతలేడు. బిడ్డతోని మాట్లాడుతడు. 'అవ్వకు ఇయ్యనా బాపూ' అంటే కట్ చేస్తడు."

"ఫోటో తీసి పంపరాదు?"

"పంపిన. చెట్లు కొట్టేసి, మోటరు పీకినంక తీసిన ఫోటో. అది జూసి ఇంకింత గుస్స అయిండు."

"పాతది లేదా?"

కనకవ్వ నన్ను పిచ్చిదాన్ని చూసినట్లు చూసింది. "పెండ్లికి ఫోటో తీస్తరు, చావుకు తీస్తరు. చెలకకు ఎవలన్న ఫోటో తీస్తరా మేడం?"

వానాకాలంలో ప్రాజెక్టు గేట్లు దించుతరని అందరూ అనుకుంటున్నరు. దించితే ఆ చెలకను మల్లేశం ఇక ఎన్నడూ చూడడు. అట్ల చూడకుండనే పోయిందంటే కనకవ్వతో ఎన్నడూ మాట్లాడడేమోనని ఆమె భయం. నేను బతిమాలించుకునే రకం కాదు, బతిమాలే రకం ఆమె కూడా కాదు. ఆదివారం పొద్దున ఇద్దరం చెలకకు పోయినం.

పంచనామా

అక్కడ ఏముంది? మొద్దులు. కొట్టేసిన చింత మొద్దు, వేప మొద్దు. నీళ్ళడుగంటిన బాయి. ఎర్రమట్టి. దూరాన ఒక గుట్ట. నేను గోనె పరిచి కాగితం పెట్టిన. కనకవ్వ నా భుజం మీదికి వంగి చెప్పుడు మొదలుపెట్టింది.

"గీడ బాయి. బాయి పక్కకు మోటరు డబ్బ. గాడ చింతచెట్టు, దాని కింద కొట్టం. కొట్టంల రెండు ఎడ్లు. గెట్టు మీద సీతాఫలం చెట్లు. అగో, గా మూలకు బండ, ఆయన దాని మీద కూసుండి బీడీ తాగేది."

"కనకవ్వా, నేను భూములు కొలిచే గిర్దావర్‌ను కాదు. అన్నీ గీస్తే పంచనామా అయితది, బొమ్మ కాదు."

"అయితే పంచనామనే గీయున్రి."

"నీటిరంగులు అట్ల ఒప్పుకోవు."

"మీరు ఒప్పియ్యున్రి. మరి ఎందుకు చదువుకున్నరు?"

మొండికి మొండి. సరే నీ ఇష్టమేనని ఆమె చెప్పిందల్లా వేసిన. పెన్సిల్ గీత, గీత లోపల రంగు. చింతకు చింతాకు పచ్చ, ఎద్దుకు ఎద్దు తెలుపు, బండకు బండ బూడిద. మూడు ఆదివారాలు పట్టింది. నడుమ నడుమ ఆమె మాట మార్చేది, "సీతాఫలం గిటు గాదు, గటు" అని. అయిపోయేసరికి భూముల పటం, ఊరి నక్ష లాగ ఉన్నది. కనకవ్వ మురిసిపోయింది. ప్రతి వస్తువు మీద వేలు పెట్టి పిల్లలకు చూపించింది. బిడ్డ ఫోన్‌లో ఫోటో తీసి మస్కట్‌కు పంపింది.

రెండో రోజు జవాబు వచ్చింది, బిడ్డకే. "మీ అవ్వ ఎవల చెలకనో గీపిచ్చింది."

ఆ రోజు పప్పులో ఉప్పు లేదు. పిల్లలు అడిగే ధైర్యం చెయ్యలేదు. నేను వంటగదిలోకి పోయిన. ఆమె ఉల్లిగడ్డ కోస్తున్నది, ఆ ముచ్చట ఎత్తితే కళ్ళ నీళ్ళు ఉల్లిగడ్డవే అనేటట్లున్నది.

"అన్ని ఉన్నయి గదా మేడం. బండ సుత ఉన్నది. ఎందుకు గుర్తుపట్టలే?"

నాకు కోపం ఆమె మీద కాదు, ఆ బొమ్మ మీద. అందులో ఏ గంటా లేదు. పొద్దున్నా, మాపా, ఎండాకాలమా, వానాకాలమా, ఏదీ కాదు. మనిషి భూమిని ఒట్టిగ చూడడు కదా, ఏదో ఒక పూట చూస్తడు. అడిగిన.

"మల్లేశం ఆఖరుకు చెలకను చూసింది ఎప్పుడు?"

చూడని వాన

తొలకరికి, మిరుగు కార్తెలో మస్కట్‌కు పోయిండట. పొద్దుగాల్నే లేచి, పొడి దుక్కిలోనే ఇద్దరూ పత్తి గింజలు పెట్టిన్రు. ఆయన బస్సుకు టైం అవుతున్నది, సగం సాళ్ళు మిగిలినయి, అవి కనకవ్వ పెట్టింది. మొగులు పట్టి ఉన్నది గానీ చినుకు లేదు. పోయేవాడు గెట్టు మీద నిలబడి, "వాన పడంగనే ఫోన్ చెయ్యి" అన్నడట. బస్సు పోయినంక జరసేపటికే పడ్డది. ఫోన్ చేస్తే బంద్ ఉన్నది, విమానం ఎక్కేదాక తీయలేదేమో. ఆయన అక్కడ దిగి చేసేసరికి ఇక్కడ బిడ్డకు జ్వరం. ఆ తర్వాత పంట ఎట్లున్నదని అడిగిండు, పురుగు పట్టిందా అని అడిగిండు. ఆ మొదటి వాన గురించి ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు. ఆ పోయినాయనకు మళ్ళ సెలవు దొరకనే లేదు.

"వాన ఎట్ల వచ్చింది?" అన్న.

"ఎట్లొస్తది మేడం? మీదికెళ్లి వస్తది."

"కనకవ్వా!"

కత్తి కింద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకున్నది. "గుట్ట దిక్కుకెళ్లి వచ్చింది. ఒక్కపారే గాదు. సాప పరిచినట్టు వచ్చింది. సగం చెలక తడిసి నల్లగైంది, ఇటు సగం ఎండిపోయి తెల్లగనే ఉన్నది. నేను ఇటు దిక్కున్న. చూసుకుంటనే నిలబడ్డ. నా కాళ్ళకాడికి వచ్చేదాక."

ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పిన నోరు కదా, నాకు వెంటనే తోచింది ఒక్కటే: తడి సగం, పొడి సగం. నీటిరంగులు ఈ ఒక్క పని కోసమే పుట్టినయి.

కానీ తోచితే కాదు, చూడాలె. చూడని వానను వేస్తే అదీ కొబ్బరిచెట్టే. ఎండాకాలం సెలవులు అయిపోయి బడి తెరిచినంక కొన్ని రోజులకు, అన్నాల వేళ, పిల్లలు పళ్ళాలు పట్టుకుని వరుసలో ఉన్నరు. వంటగదిలోంచి అరుపు.

"మేడం! గిట్లనే! గిట్లనే వచ్చింది! తొందరగ రాండ్రి!"

కనకవ్వ చేతిలో గరిటె, గరిటెలోంచి సాంబారు కారుతున్నది. గుట్ట మీది నుంచి వాన దిగి ఊరి చెలకల మీదికి నడిచి వస్తున్నది. నేను గోనె, కాగితం వరండాలోకి గుంజిన. హెడ్మాస్టర్ గదిలోంచి, "మేడం, బెల్లు కొట్టిన్రు, ఎనిమిదో తరగతి మీదే" అంటున్నడు. "వాన కూడా నాదే సార్" అన్న.

పై సగం పూర్తిగా తడిపిన. నీలంలో ఇటుక రంగు కలిపితే వచ్చే బూడిద ఉన్నది, మన దగ్గర మిరుగు మొగులు రంగు అదే, ఉత్త నలుపు కాదు. అది వేసి పలకను నిలువుగ ఎత్తిన. రంగు తనంతట తనే కిందికి జారింది, వాన కాళ్ళ లాగ. కింద కుడి సగం పొడి కాగితం మీద పొడి కుంచెతో మట్టి. తడి వచ్చి పొడిని తాకేచోట నేను చెయ్యి తీసేసిన. అక్కడ తడి పాకి, అంచు కట్టి, పువ్వు లాగ లేచింది. తరగతిలో అట్ల పువ్వు లేస్తే మార్కులు కోసేదాన్ని. ఆ రోజు దాన్ని ముట్టలేదు. గుట్ట ఒక్క పూత. చెట్లు లేవు, ఎక్కడో మసక నీడ. పొడి దిక్కు చివర, గింజంత చోటు రంగు అంటకుండ వదిలేసిన.

వాన వరండా ఎక్కేలోపల బొమ్మ అయిపోయింది. కనకవ్వ చూసింది. ముఖం మాడ్చుకున్నది.

"నా చింతచెట్టేది? బాయేది?"

"లేవు."

"సగం గీసి ఆపిన్రు మేడం."

"అంతే. ఇంకొక్క చెట్టు వేసిన్నంటే ఈ వాన ఆగిపోతది."

"గీడ రంగు అంటలే, చూడున్రి." ఆ గింజంత తెలుపు మీద వేలు పెట్టింది.

"అది నువ్వే."

ఆమె వేలు వెంటనే తీసింది, తడి మీద పెట్టిన్నేమో అని. మళ్ళ వంగి చూసింది. పోయి మిగిలిన పిల్లలకు అన్నం పెట్టింది.

గంగన్న వెంట పోయిన బొమ్మ

ఫోటో తీసి పంపుతనంటే ఈసారి నేనే వద్దన్న. ఫోన్ తెర మీద ఆ బూడిద చచ్చిపోతది. సెలవు మీద వచ్చిన కనకవ్వ వాడకట్టు మనిషి గంగన్న మస్కట్‌కు తిరిగిపోతున్నడు. ఆయన పచ్చళ్ళ డబ్బాల నడుమ, చుట్టచుట్టిన బొమ్మను ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి పంపినం. ఆయన పోయిన కొన్నాళ్ళకు బడిని కాలనీలో రేకుల షెడ్డులోకి మార్చి, గేట్లు దించిన్రు.

నీళ్ళు సినిమాల్లో లాగ ఉరికి రాలేదు. వాగు వెడల్పయింది, అంతే. రోజూ కొంచెం. పొద్దున చూసిన గెట్టు మాపటికి ఉండదు. జనం మధ్యాహ్నం పూట టిఫిన్ డబ్బాలు పట్టుకుని కాలనీ నుంచి వచ్చి చూసి పోయేవాళ్ళు. కనకవ్వ రాలేదు. వంట ఉన్నదని అన్నది.

ఒక శుక్రవారం ఆమె ఫోన్‌కే ఫోన్ వచ్చింది. తెల్లారి బడిలో నాకు చెప్పింది, బియ్యం చెరుగుకుంట, నా ముఖం చూడకుండ.

"ఆయనే చేసిండు."

"ఏమన్నడు?"

"'ఆ రోజు తడిసినవానే?' అన్నడు."

"నువ్వేమన్నవు?"

"తడిసిన అన్న. ఇగ ఆయన మాట్లాడలే, నేను మాట్లాడలే. ఫోన్ మాత్రం కట్ చెయ్యలే మేడం."

ఇక్కడ ఆపితే మంచిగుంటది. ఒక బొమ్మ ఆలుమగలను కలిపిందని సభల్లో చెప్పుకోవచ్చు, చప్పట్లు పడతయి. నేను చాలా రోజులు అట్లనే చెప్పుకున్న కూడా. పూర్తి నిజం కాదు కనుక మిగిలింది రాస్తున్న.

కొత్త బడి గోడ

కాలనీలో కొత్త బడి పూర్తయినంక హెడ్మాస్టర్ నన్ను పిలిచి, పెద్ద గోడ చూపించి, "మేడం, ఇక్కడ 'మన పాత ఊరు' అని ఒక పెద్ద బొమ్మ వేయండి, కలర్‌ఫుల్‌గా ఉండాలె" అన్నడు.

"పాత ఊరు కలర్‌ఫుల్‌గా లేకుండె సార్. మట్టి రంగుండె."

"పిల్లలు చూసి సంతోషపడాలె కదా మేడం."

"ఊరు మునిగితే సంతోషం దేనికి?"

ఆయన నాతో వాదించి గెలిచిన రోజు లేదు, అందుకే వాదించడం మానేసి ఫ్లెక్సీ వేయించిండు. రెండు గుట్టలు, నడుమ సూర్యుడు, నది, గుడిసె. కొబ్బరిచెట్లు ఒకటి కాదు, వరుసకు వరుస. ఏ దేశందో ఎవరికి తెలుసు. రంగు వెలిసిపోదని షాపువాడు హామీ ఇచ్చిండట. కాలనీలోనే పుట్టి బడికి వచ్చిన చిన్నపిల్లలు ఉన్నరు. నేను ఉద్యోగం వదిలే ఏడాది ఒకటో తరగతి పిల్లను ఎత్తుకుని, "ఇదేం ఊరు బిడ్డా?" అంటే, "మా పాత ఊరు" అన్నది. ఏమాత్రం అనుమానం లేకుండ. ఆ పిల్లకు కాదని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. చెప్పగలిగిన ఒక్క బొమ్మ మస్కట్‌లో మల్లేశం మంచం పక్కన ఉన్నది.

కట్ట మీద

మల్లేశం కిందటేడు శాశ్వతంగా తిరిగి వచ్చిండు. మోకాళ్ళు అరిగినయి, అక్కడ పని లేదన్నరు. కనకవ్వ ఫోన్ చేసింది. "మేడం, ఆయన చెలకను మళ్ళ గీపియ్యమంటుండు. ఇప్పుడెట్లున్నదో గట్ల. జర రాండ్రి."

కరీంనగర్ నుంచి బస్సెక్కి పోయిన. సంచిలో కాగితాలు, రంగులు, ఇంటి నుంచి తెచ్చిన మంచినీళ్ళ సీసా. ప్రాజెక్టు కట్ట మీద ఇద్దరూ కూర్చుని ఉన్నరు, నడుమ ఒక టిఫిన్ డబ్బా. మల్లేశంను అదే మొదటిసారి చూసుడు. సన్నటి మనిషి, గొంతు మెల్లగ. లేవబోయిండు, మోకాళ్ళు సహకరించలేదు.

"కూసోండి మేడం. గదే మా చెలక" అని నీళ్ళలోకి చూపించిండు.

"గాడ గాదు" అన్నది కనకవ్వ. "ఇటు. గుట్ట కొనకు సీదగ."

"గుట్ట కొనకు మన శంకరయ్యదే. మనది దానికి ఇవతల."

"మీరు ఏండ్లకేండ్లు లేకపోతిరి. నాకు ఎరుకలేదా? రోజు పోయిన కాళ్ళు నాయి."

"కొన్నోన్ని నేను. నాకు ఎరుకలేదా?"

ఆయన ఒక చోటికి వేలు చూపిస్తడు, ఆమె ఇంకో చోటికి. రెండు చోట్లా ఒకటే నీళ్ళు. గెట్టు లేదు, మొద్దు లేదు, బండ లేదు. చేపలు పట్టేవాని తెప్ప ఒకటి ఆ రెండు వేళ్ళ నడుమ నుంచి మెల్లగ పోయింది. దాన్ని చూసి ఇద్దరూ వేళ్ళు దించిన్రు.

నీళ్ళను గీయడం నేర్పినదాన్ని నేను. నీళ్ళ మీద పడే నీడను ఎట్ల వేయాలె, మెరుపుకు కాగితాన్ని ఎక్కడ వదలాలె, అన్నీ చెప్తుంటి. ఆ రోజు ఎటు చూసినా వదిలిన కాగితమే. ఏది ఎవరిదో చెప్పే అంచు ఒక్కటి లేదు.

మల్లేశం అన్నడు. కోపంగా కాదు. కోపంగా అంటే బాగుండు.

"పెట్టొద్దంటి గదనే."

కనకవ్వ తల తిప్పలేదు. "పెట్టకుంటే నీళ్ళాగునా?"

"ఆగకపోవు. మునిగేది." తెప్ప పోయిన దిక్కు చూసిండు. "మనం ఇయ్యకుంట మునిగేది."

నోరున్న మనిషి, పప్పు గరిటెతో బడిని ఏలిన మనిషి, కొంగు అంచును వేలికి చుట్టుకుంట కూర్చున్నది. బొమ్మ ఆయన నోరు తెరిపించింది. లోపల ఉన్న ఆ మాటను మాత్రం తుడవలేదు. నీటిరంగు కింది పూతను దాచదని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పిన్నో.

కొత్తగా చేరేవాళ్ళకు ఇదే నా ముచ్చట. పిల్లలకు మెడ తిప్పుడు నేర్పండి. తడి ఆరేలోపల చెయ్యి ఆడించుడు నేర్పండి. మీ బొమ్మ ఎవరి దుఃఖాన్నో తీసేస్తదని మాత్రం చెప్పకండి. అది ఎక్కడుందో చూపించగలదు, మంచి రోజైతే.

పొద్దు వాలింది. కనకవ్వ టిఫిన్ డబ్బా మూత పెట్టింది. "లేవున్రి, బస్సు వోతది" అని చెయ్యి చాపింది. మల్లేశం ఆ చెయ్యి పట్టుకుని, బరువంతా దాని మీదేసి లేచిండు. గీయమని నన్ను పిలిపించిన సంగతి ఇద్దరికీ యాదిలేదు. ఆయన కుంటుకుంట, ఆమె ఆయన నడకకు తన నడక తగ్గించుకుంట, కట్ట దిగి రోడ్డు దిక్కు పోతున్నరు.

నేను సీసా మూత తీసి, బొమ్మ కోసం తెచ్చిన నీళ్ళను ప్రాజెక్టులో వంపి, వాళ్ళ వెనుక నడిచిన.